పులిసిన వాసన

పద్మనగర్, భివండి
11 ఆగస్టు 2024

సాయక్కకు తమ్ముడు యోబు వందనాలు.

ఇక్కడ అందరం క్షేమమని మొదటి వాక్యంలోనే రాసేయడం మనవాళ్ల అలవాటు. నీ మరదలు హెప్సిబా క్షేమం, నీ మేనకోడలు శారోన్ క్షేమం, ఇంటి ముందు కుళాయి కూడా క్షేమమే. నా సంగతి కింద రాస్తాను, ఓపిక ఉంటే చదువు.

ఈ కాలంలో ఉత్తరమేందని పోస్ట్‌మన్ నిన్ను అడుగుతాడు. నీకు ఫోన్‌లో వినపడదు, నాకు గొంతు లేదు, అని చెప్పు. పోయిన ఆదివారం "హలో, హలో, ఎవలు?" అని నాలుగుసార్లు అరిచి పెట్టేశావు చూడు, అది నేనే. నేనూ అరుస్తూనే ఉన్నాను. నా అరుపు పక్కనున్న హెప్సిబాకే వినపడలేదు. మన పద్మనగర్ సంఘంలో ఆదివారం ఆరాధనకు పాట ఎత్తుకునేవాణ్ణి నేను. ఇప్పుడు సంఘపెద్ద షాలేమన్న ఎత్తుకుంటున్నాడు. ఆయన ఎత్తుకున్న పాటను మళ్లీ కిందికి దించడానికి సంఘమంతా కష్టపడుతోంది.

జబ్బు పెద్దదేం కాదు. గ్యాస్. తిన్నది కిందికి పోవాలి కదా, నాది పైకి వస్తుంది. ఛాతీలో మంట, నోట్లో పులుపు, దగ్గు, తేన్పులు. నా తేన్పు ఎట్లాంటిదంటే, శాంతి నగర్‌లో మా కార్ఖానాలో ఇరవై నాలుగు మగ్గాలు ఒక్కసారి ఆడుతున్నా చివరి మగ్గం దగ్గరున్న దత్తుకు వినపడుతుంది. అతను అక్కణ్ణుంచే, "జాబర్ సాబ్, ఖానా హో గయా క్యా?" అని నా భోజనం సంగతి అడుగుతాడు. ముప్పై ఏళ్లుగా మగ్గాలు బాగుచేసే జాబర్‌ని. చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పేస్తాను. నా పొట్టలో ఏ నట్టు వదులైందో మాత్రం తెలియలేదు.

నాయిన నాకు బైబిల్లో కష్టాలన్నీ పడ్డ యోబు పేరు పెట్టకుండా ఉండాల్సింది. కష్టాలకు మన ఇంటి అడ్రసు ముందే ఇచ్చినట్టయింది. థానేలో ఒక పెద్ద డాక్టరమ్మ ఉందట, ఆమె దగ్గరికి పోవాల్సిందేనని శారోన్ పట్టుబట్టి కూర్చుంది. "పప్పా, సబ్ నాటక్ బంద్ కరో, ఈసారి నువ్వు వస్తున్నవ్" అంది. కన్నతండ్రి జబ్బును నాటకమన్న బిడ్డ ముంబై పక్కనే పుడుతుంది.

నువ్వు బెంగపడకు. నీ మోకాళ్లు ఎట్లున్నాయి?

గొంతు తప్ప మిగతావన్నీ ఉన్న నీ తమ్ముడు
యోబు


ఎల్లారం
25 ఆగస్టు 2024

తమ్మీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నవ్వొచ్చింది. తర్వాత నవ్వినందుకు కోపమొచ్చింది. చిన్నప్పటి నుంచీ తప్పు చేసినప్పుడల్లా నువ్వు ముందు నవ్విస్తావు.

నా కోడలి చెల్లెలు లత కామత్‌ఘర్‌లో ఉంటుంది, మీ సంఘానికే వస్తుంది, నీకు తెలుసు. పోయిన వారం అక్కను చూడటానికి వచ్చి నా చెవి దగ్గర గట్టిగా చెప్పింది. "అత్తమ్మా, మీ తమ్ముడు మూడు నెలల సంది ప్రభువు బల్ల తీసుకుంటలేడు. రొట్టె, రసం పళ్లెం వచ్చే యాళ్లకు లేచి బయటికి పోతుండు. కార్ఖానల మగ్గం ఎన్క సీస దాచిపెట్టుకున్నడట. దగ్గర నిలవడితే నోట్లెకెళ్లి పులిసిన వాసన" అంది.

మొదటి ఆదివారం బల్ల దగ్గర నుంచి లేచిపోయే మనిషి ఎవడో నాకు నేర్పకు. మనసులో పాపం దాచుకున్నవాడు పోతాడు. పులిసిన వాసన ఏమిటో కూడా చెప్పకు. అది కల్లు వాసన. నాయిన భివండి మగ్గాలు వదిలి ఇంటికొచ్చిన రెండేళ్లూ ఆ వాసనతోనే ఉన్నాడు. ఆయనా "మంట బిడ్డా, మంట" అనేవాడు. ఆయనా బల్ల వద్దనేవాడు. చివరికి సంఘమే ఆయన్ని బల్ల నుంచి ఆపేసింది. ఆనాడు నేనెంత తలవంచుకున్నానో నీకు తెలియదు. నువ్వు అప్పటికే భివండిలో పని నేర్చుకుంటున్నావు.

పన్నెండేళ్ల కింద నా చేతిలో చెయ్యేసి తాగుడు మానేశావు. ఆ చెయ్యి ఇప్పుడు ఏ సీసా మీదున్నది రా?

ఒక మాట అనుకున్నాను, దేవుని ముందే అనుకున్నాను. నువ్వు బల్ల తీసుకునేదాకా నేనూ ముట్టను. నిన్ను చంకనేసుకుని పెంచింది నేను. నీ తప్పులో సగం నాది.

నిజం రాయి. నవ్వించకు.

సాయమ్మ


పద్మనగర్, భివండి
8 సెప్టెంబర్ 2024

అక్కా,

నవ్వించకు అన్నావు. ప్రయత్నిస్తున్నాను, నా జబ్బే సహకరించడం లేదు.

ముందు సీసా సంగతి. అందులో ఉన్నది గులాబీ రంగు మందు. సుద్దముక్క నీళ్లలో నానబెట్టి పుదీనా వేసినట్టుంటుంది. మంట లేచినప్పుడల్లా ఒక మూత తాగితే కాసేపు చల్లగా ఉంటుంది. మగ్గం వెనక ఎందుకు దాచానంటే, బయట పెడితే కారిగర్లంతా తలో మూత తాగేస్తున్నారు. భివండిలో కడుపు మంట లేని మగ్గం మనిషి ఎవడు?

బల్ల సంగతి రాయడానికి సిగ్గేస్తోంది. మే నెల మొదటి ఆదివారం తీసుకున్నాను. ద్రాక్షరసం గొంతులో పడగానే పుండు మీద నిమ్మకాయ పిండినట్టయింది. సరిగ్గా అప్పుడే పాస్టరు అయ్యగారు కళ్లు మూసుకుని, "మౌనంగా మనల్ని మనం పరీక్షించుకుందాం" అన్నారు. సంఘమంతా మౌనంగా పరీక్షించుకుంటోంది. నా కడుపు మాత్రం బయటికే చెప్పేసింది. అట్లాంటి తేన్పు నేను కార్ఖానాలో కూడా తేన్చలేదు. తేన్పుతో పాటు రసమూ వెనక్కి వచ్చింది. ముందు వరుసలో షాలేమన్న ఉన్నాడు. తెల్ల చొక్కా. ఇక చెప్పేదేముంది?

జూన్ నుంచి పళ్లెం నా వరుసకు రాకముందే బయటికి పోతున్నాను. చెప్పుల దగ్గర నిలబడి లోపలి పాట వింటున్నాను. నిజం చెబితే అయిపోయేది. కానీ ప్రభువు బల్ల నాకు పడట్లేదని ఏ నోటితో చెప్పను? అది చెప్పడం కన్నా పాపినని అనిపించుకోవడమే నయమనిపించింది.

మొన్న షాలేమన్న ఇంటికొచ్చాడు. గొంతుకు విశ్రాంతి కావాలని డాక్టరమ్మ రెండు వారాలు మాట్లాడొద్దంది. హెప్సిబా కుళాయి దగ్గరుంది, నేను రాసి చూపించే పలక శారోన్ బ్యాగులో ఉంది. ఆయన నా మోకాలి మీద చెయ్యేసి, "తమ్మీ, లోపట ఏదన్న రహస్య పాపం ఉన్నదా?" అన్నాడు. నాకు లోపలున్నది తేన్పు. అది గొంతు దాకా వచ్చేసింది. తలూపితే తొందరగా లేస్తాడు కదాని తలూపాను. ఆయన కళ్లు తుడుచుకుని, నా తలమీద చెయ్యి పెట్టి ముప్పావుగంట ప్రార్థన చేశాడు.

డాక్టరమ్మ పేరు దీపాలి. నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూసింది. ఛాతీకీ పొట్టకూ మధ్య ఒక తెర ఉంటుందట. దానికున్న కన్నం సాగిపోయి, పొట్ట పైభాగం ఛాతీలోకి జారిందట. పులుపు పైకెక్కి గొంతు కాలిపోయింది. రెండేళ్లుగా నేను మింగుతున్న గోళీలకు ఇక లొంగదు, ఆపరేషనే అంటోంది. పొట్టను కిందికి లాగి, దాని పైభాగాన్ని ఆహారం దిగే గొట్టం చుట్టూ తలపాగాలా చుట్టి కుట్టేస్తారట. బతికుండగా నాకు తలపాగా చుడుతున్నారు, అదీ పొట్ట లోపల, ఎవరికీ కనపడకుండా.

నేను తాగట్లేదక్కా. ఇది నవ్వించడానికి రాయలేదు.

యోబు


ఎల్లారం
22 సెప్టెంబర్ 2024

తమ్మీ,

గ్యాస్‌కు ఆపరేషన్ అంటే మా ఊళ్లో బర్రెలు కూడా నవ్వుతాయి. ఇంత వాము నమిలి, పల్చటి మజ్జిగ తాగి పడుకుంటే పోయేదానికి పొట్ట కోయించుకుంటారా? ఏదో దాచడానికి ఇంత పెద్ద కథ అల్లావనిపిస్తోంది. అల్లడం మన కులవృత్తి కాకపోయినా భివండి పోయి బాగానే నేర్చుకున్నావు.

షాలేమన్న అడిగితే తలూపావని లత అప్పుడే నా కోడలికి ఫోన్ చేసింది. "ఒప్పుకున్నడట" అని ఇల్లంతా తెలిసింది. తలూపడమంటే ఒప్పుకోవడం కాక ఇంకేమిటి? మంచివాడైతే అడ్డంగా ఊపుతాడు.

నా సంగతి కూడా విను. సెప్టెంబర్ మొదటి ఆదివారం నేను బల్ల ముట్టలేదు. మంగళవారానికి మా అయ్యగారు ఇంటికొచ్చాడు. నా కొడుకు స్టీఫెన్ కన్నా చిన్నవాడు. "సాయమ్మవ్వా, ఈ వయసుల నీకేమైంది? ఎవలతోనన్న పంచాయితా?" అన్నాడు. నేను తమ్ముని కోసం మానేశానని చెబితే నీ పరువు పోతుంది. అందుకని నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఊళ్లో నాకూ రహస్య పాపం ఉందనుకుంటున్నారు. అరవై రెండేళ్లకు నాకు ఈ పేరు వచ్చింది. నీ బావ ఉండి ఉంటే పడి పడి నవ్వేవాడు.

ఆ సీసా మీది చీటీ పంపు. ఆసుపత్రి కాగితం పంపు. కళ్లతో చూస్తే గానీ నమ్మను.

వాము వేయించి పొట్లం కట్టి పంపుతున్నాను. దాన్ని మాత్రం తిను.

సాయమ్మ


పద్మనగర్, భివండి
6 అక్టోబర్ 2024

అక్కా,

వాము అందింది. డాక్టరమ్మకు చూపించాను. వాసన చూసి, వాళ్ల అమ్మా ఇదే పంపుతుందని చెప్పి, తినొద్దంది.

సీసా చీటీ నీళ్లలో నానబెట్టి ఊడదీసి ఇందులో పెట్టాను. రిపోర్టు జిరాక్సు కూడా పెట్టాను. వెనకవైపు డాక్టరమ్మ పెన్నుతో వేసిన బొమ్మ ఉంది. తిత్తిలా ఉన్నది నా పొట్ట. నీకు గుమ్మడికాయలా కనిపిస్తే అది నా తప్పు కాదు.

పులుపు ఎన్నిసార్లు పైకొస్తుందో లెక్కపెట్టడానికి ఒకరోజంతా ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, నడుముకు డబ్బా కట్టారు. రోజూ చేసే పనులన్నీ చేసుకోమన్నారు. నా పని మగ్గాలు కదా, అట్లాగే కార్ఖానాకు పోయాను. దత్తు మగ్గం ఆపేసి, "అరే, జాబర్ కే నాక్ సే ధాగా నికల్ రహా హై!" అని, నా ముక్కులోంచి దారం వస్తోందని అరిచాడు. ఇరవై నాలుగు మగ్గాలూ ఆగాయి. ముప్పై ఏళ్లలో కరెంటు పోతే తప్ప అన్ని మగ్గాలూ ఒక్కసారి ఆగడం నేను చూడలేదు.

ఆపరేషన్ అక్టోబర్ 22. డాక్టరమ్మకు నేను ఒకటే చెప్పాను. పడుగు మరీ బిగిస్తే దారాలు తెగుతాయి, వదులుగా వదిలేస్తే బట్ట జారుతుంది, మీరు చుట్టే చుట్టు కూడా చూసి చుట్టండి అని, గొంతు ఇంకా రాక, పలక మీద హిందీలో రాసి చూపించాను. ఆమె చదివి, "కాకా, మేము చదువుకున్నదీ ఇదే. బిగిస్తే ముద్ద దిగదు, వదిలితే పులుపు ఆగదు" అంది. అప్పటినుంచి ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది. ఆమెకు నా మీద కుదిరిందో లేదో అడగలేదు.

ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉండేదా అని అడిగింది. నాయిన గుర్తొచ్చాడు. పడుకోకుండా గోడకు ఒరిగి కూర్చునేవాడనీ, మంటనేవాడనీ, నోరు పుల్లటి వాసన వచ్చేదనీ రాసి చూపించాను. "ఇదే అయి ఉండొచ్చు కాకా, కానీ ఇప్పుడెట్లా చెప్పగలం?" అంది. పులుపు గొంతులోకి ఎక్కితే నోరు అట్లాగే పులిసిన వాసన వస్తుందట. నాకూ అంతేనట. ఊరికే రాస్తున్నాను.

ఒక్క మాట మాత్రం నవ్వకుండా రాస్తాను. నాకు భయంగా ఉంది. మత్తు ఇచ్చాక లేస్తానో లేదోనని భయం. లేవకపోతే, తాగుబోతు యోబు పోయాడని నువ్వు అనుకుంటావేమోనని అంతకన్నా భయం. పద్మనగరంతా ఏమనుకున్నా పరవాలేదు. నువ్వు నమ్మితే చాలు. 22 లోపు ఒక ముక్క రాయి.

నీ తమ్ముడు
యోబు


ఎల్లారం
14 అక్టోబర్ 2024

తమ్మీ,

చీటీ తీసుకుని మందుల దుకాణానికి పోయాను. ఆ పిల్లవాడు చదివి, "ఇది కడుపు మంటకే అవ్వా" అని అట్లాంటిదే ఒక సీసా మూత తీసి చూపించాడు. వాసన చూశాను. పుదీనా, సుద్ద. కల్లు కాదు.

అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. నాయిన ధోవతి మడతలో ఎప్పుడూ తెల్లటి పొట్లం ఒకటి ఉండేది, నీకు గుర్తుందా? కిరాణా దుకాణంలో దొరికే తినే సోడా. చిటికెడు నీళ్లలో కలుపుకుని తాగేవాడు. ఎందుకని నేను ఒక్కసారీ అడగలేదు. కల్లు వాసన పోగొట్టుకోవడానికనుకున్నాను. కూర్చుని నిద్రపోతుంటే తాగినోని మొండితనం అనుకున్నాను.

నీకు ఇన్నేళ్లూ చెప్పని మాట ఒకటుంది. సంఘం నాయినను ఆపేసిందని రాశాను కదా. సంఘానికి చెప్పింది నేను. నేనే అప్పటి అయ్యగారి ఇంటికి పోయి, "మా నాయిన తాగుతుండు, నోట్లెకెళ్లి వాసనొస్తున్నది, మీరే బాగుచెయ్యాలె" అని ఏడ్చాను. ఆయన ఆదివారం అందరి ముందు నాయినను నిలబెట్టి అడిగాడు. నాయిన కాదనలేదు. తలూపాడు.

ఆ తలూపు చూసే నేను నమ్మాను. ముప్పై రెండేళ్లు నమ్మాను. నువ్వు షాలేమన్న ముందు ఎందుకు తలూపావో రాశావు కదా, ఆ ముక్క ఈ వారంలో ఎన్నిసార్లు చదువుకున్నానో. ఆయనకూ తేన్పే వచ్చిందో ఏమో. చెప్పింది బిడ్డనే అని తెలిసి, నా పేరు బయటికి రావద్దని ఊపాడో ఏమో. ఎవరిని అడగను? బల్ల ముట్టకుండానే పోయాడు.

నువ్వు తాగట్లేదు. నేను నమ్ముతున్నాను తమ్మీ, నాకు చీటీ కూడా వద్దు. భయపడకుండా పో. చుట్టు సరిగ్గా చుట్టమని మా అక్క కూడా చెప్పిందని ఆ డాక్టరమ్మకు చెప్పు.

నా మొక్కు సంగతి అడగకు. నువ్వు తీసుకున్నా ఇక నేను బల్ల ముట్టగలనో లేదో నాకు తెలియదు.

అక్క


పద్మనగర్, భివండి
2 డిసెంబర్ 2024

అక్కా,

బతికే ఉన్నాను. స్టీఫెన్‌కు శారోన్ ఫోన్‌లో చెప్పిందని తెలుసు, అయినా నా చేతి రాత చూస్తే గానీ నువ్వు నమ్మవు.

నీ ఉత్తరం ఆసుపత్రికి పోయే ముందురోజు అందింది. చొక్కా జేబులో పెట్టుకుని పోయాను. అక్కడ చొక్కా విప్పేశారు. హెప్సిబా ఆ ఉత్తరాన్ని బయట గుప్పిట్లో పట్టుకుని కూర్చుందట.

పొట్ట మీద ఐదు చిన్న కన్నాలు పెట్టి పని ముగించారు. ఇంత పెద్ద పొట్టను ఎట్లా లాగారో, చూసే అదృష్టం నాకు లేదు. తర్వాత రెండు వారాలు నీళ్లలాంటి జావే. హెప్సిబా దాన్ని మిక్సీలో వేసి, మళ్లీ జల్లెడ పట్టి ఇచ్చేది. పక్క గదిలో శాంతాబాయి చేపలు వేయిస్తుంటే నేను గోడకు చెయ్యి ఆనించి జావ తాగేవాణ్ణి. ఇప్పుడు మెత్తటి అన్నం తింటున్నాను. ముప్పైరెండు సార్లు నమలమన్నారు. నాకున్నవి ఇరవై ఆరు పళ్లు, మిగతావి ఎవరిని నమలమనాలో చెప్పలేదు.

మంట పోయింది. పడుకుంటే నిద్ర వస్తోంది, రెండేళ్ల తర్వాత. కానీ తేన్పు కూడా పోయింది. కొన్నాళ్లు రాదట, కొందరికి ఎప్పటికీ రాదట. పైదారి మూసేశారు కనుక గాలి కిందిదారి పట్టింది. నువ్వు అక్కవు, వివరం రాయను. సంఘంలో ఇప్పుడు చివరి వరుసలో కిటికీ పక్కన కూర్చుంటున్నాను.

నిన్న మొదటి ఆదివారం. పళ్లెం పట్టుకున్నది షాలేమన్నే. నన్ను చూసి రెండడుగులు పక్కకు జరిగి చెయ్యి చాచాడు. చొక్కా మళ్లీ తెల్లదే పాపం. రసం తాగాను. కళ్లు మూసుకుని కాచుకున్నాను. కిందికి పోయింది అక్కా. పైకి రాలేదు. "ఆమెన్" అన్నాను. గొంతు సగమే వచ్చింది గానీ, ముందు వరుసల వాళ్లు తిరిగి చూశారు. బయటికొచ్చాక షాలేమన్నకు ఆ తలూపు కథ చెప్పాను. "గదా! ముప్పావుగంట నా ప్రార్థన దండుగైందా?" అన్నాడు. దండుగ కాలేదన్నా, ఆపరేషన్‌కు పనికొచ్చిందని చెప్పాను.

నాయిన సంగతి. డాక్టరమ్మను మళ్లీ అడిగాను. మనిషిని చూడకుండా చెప్పలేనంది. కనుక నీ తప్పు లేదనీ రాయలేను, ఉందనీ రాయలేను. నాకు తెలిసింది రాస్తాను. నేను నిజంగా తాగిన రోజుల్లో నువ్వు ఏ అయ్యగారి దగ్గరికీ పోలేదు. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కి భివండి దాకా వచ్చి, నన్నే అడిగావు. ఆయనను అడగనందుకే నన్ను అడిగావేమో.

బల్ల తీసుకో అక్కా. రహస్య పాపం నీ వయసుకు నప్పదు.

తేన్పు లేని నీ తమ్ముడు
యోబు


ఎల్లారం
5 జనవరి 2025

తమ్మీ,

ఇవాళ మొదటి ఆదివారం. గుడి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా రాస్తున్నాను.

అయ్యగారు పళ్లెం ఎత్తకముందే నేను లేచి నిలబడ్డాను. మోకాళ్లు పట్టేస్తే పక్కనున్నామె లేపింది. "మా నాయిన జక్కయ్యను బల్ల నుంచి ఆపిన్రు. తాగుతుండని చెప్పింది నేనే. తాగిండో లేదో నాకు తెల్వది. నేను అడగలే. అడగకుండనే చెప్పిన" అన్నాను.

వెనక నుంచి ఒక కోడలు పిల్ల, "జక్కయ్య ఎవలు?" అనడం నాకు కూడా వినపడింది. నా చెవులు అట్లాంటివి మాత్రం బాగానే వింటాయి. ముప్పై రెండేళ్లు నేను తల దించుకుని తిరిగిన సంగతి, ఇద్దరు ముసలోళ్లకు తప్ప ఇక్కడెవరికీ గుర్తే లేదు. ఆ ఇద్దరిలో ఒకడు నిద్రపోతున్నాడు.

అయ్యగారు నా దగ్గరికే పళ్లెం తెచ్చాడు. రొట్టె తిన్నాను. రసం నోట్లో పోసుకుని, వెంటనే మింగలేదు. నాయిన గొంతులో ఎట్లా దిగేదో చూద్దామని కాసేపు నాలుక మీదే ఉంచుకున్నాను.

పుల్లగున్నది తమ్మీ. నలభై ఏండ్ల సంది తాగుతున్న, గింత పుల్లగుంటదని నాకు ఎన్నడు తెల్వలే.

అక్క